నాన్నగారి జావాకు ఇంట్లోనే స్ప్రే రంగు వేయాలనుకుంటున్నాను, సలహా కావాలి

ఎర్రజావా

అందరికీ నమస్కారం. మా నాన్నగారి జావా 250 మోటారుసైకిలు పదకొండేళ్ళుగా పట్టా కింద మూలన ఉండిపోయింది. ఇంజను పని పోయిన నెల పూర్తయింది. ఇప్పుడు రెండో కిక్కుకే అందుకుంటోంది. ఇక రంగు మిగిలింది. ట్యాంకు, రెండు మడ్గార్డులు, హెడ్‌లైటు డోము, పక్క పెట్టెల మూతలు విప్పి వరుసగా పెట్టాను. ట్యాంకుకు కుడివైపు అరచేయంత సొట్ట ఉంది. వెనక మడ్గార్డు కింది అంచున తుప్పు పొక్కులు లేచాయి. మధ్యలో ఎవరో అన్నిటికీ కుంచెతో నల్లరంగు పులిమేశారు.

నా దగ్గర కంప్రెసరు, గన్ను లేవు. స్ప్రే డబ్బాలతోనే చేయాలి. పాత రంగు మొత్తం గీకెయ్యాలా? డబ్బా రంగు పెట్రోలుకు తట్టుకుంటుందా? ఈ బండి తొలిరంగు ఏదో కనిపెట్టే దారి ఉందా? షాపుకు ఇస్తే వాళ్ళే చేసిపెడతారని తెలుసు. కానీ నాన్నగారు ప్రతి ఆదివారం ఈ బండిని తుడిచేటప్పుడు పక్కన రెండో గుడ్డ పట్టుకుని నిలబడింది నేనే. ఈ పని నా చేత్తోనే జరగాలి.

వాటర్‌పేపర్

తప్పకుండా చేయండి బాబూ. ముప్పై ఏళ్ళు రంగుల గదిలో పనిచేసినవాడిగా చెబుతున్నాను, గన్నుతో వేసినంత పని డబ్బాతోనూ వస్తుంది. తేడా కింద చేసే సిద్ధంలోనే ఉంటుంది. నూరు గంటల పనిలో డబ్బా నొక్కేది నాలుగైదు గంటలే. మిగతాదంతా గీకడం, తుడవడం, ఆరేదాకా ఆగడం.

ముందు ట్యాంకు సంగతి. పెట్రోలు ఒంపేసినా లోపల ఆవిరి నిలిచే ఉంటుంది. కాక్ విప్పి, సబ్బు నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, మూత తీసి రోజంతా గాలికి ఆరబెట్టండి. ఆ తర్వాత లోపల తుప్పు ఎంతుందో టార్చి వేసి చూడండి. తుప్పు తీసే పని, లోపలి గోడకు పూతలా పట్టే సీలరు పోసే పని ఉంటే రంగుకంటే ముందే కానివ్వాలి. రంగు వేశాక సీలరు పోస్తే మూతి దగ్గర ఒలికి, కొత్త రంగును తినేస్తుంది. ఎక్కడైనా సూదిబెజ్జం కనిపిస్తే లప్పంతో మూయకండి. పెట్రోలు లప్పాన్ని వెనకనుంచి నెట్టేస్తుంది. అతుకు వేయించాల్సిందే. ఆ అతుకు ఇంట్లో వేయకండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటే ప్రమాదం.

తొలిరంగు కోసం ఎవరి చెయ్యీ పడని చోట్లు వెతకండి. ట్యాంకు మీది బిళ్ళ కింద, మోకాలి రబ్బర్ల వెనక, పెట్టె మూత లోపలి వైపు. ఎండ, కుంచె రెండూ చేరని చోటు అక్కడే దొరుకుతుంది.

చైన్‌కవర్

ఒక మాట అడ్డం చెబుతాను, ఏమీ అనుకోకండి. రంగు గీకే ముందు ఒక్క రోజు ఆగండి. ఆ నల్లరంగు కింద కంపెనీ రంగు బతికే ఉంటే? బండికి తొలిరంగు ఒక్కసారే ఉంటుంది. గీకేశాక దాన్ని ఎవరూ తిరిగి తేలేరు. నా బండికి నేను కొత్త రంగు వేయించి పదేళ్ళయింది. మెరుస్తూ ఉంది, అందరూ మెచ్చుకుంటారు. కానీ పాత ఫోటోలో మా పెద్దన్నయ్య తొడ రాసుకుని అరిగిన చోటు కనబడుతుంది. ఆ అరుగుదల ఇప్పుడు బండి మీద లేదు. దాని కోసం ఈరోజుకూ బాధపడతాను.

చేయాల్సింది చిన్న పనే. కనబడని చోట అరచేయంత మేర నల్లరంగును 1000 నంబరు వాటర్ పేపరుతో నీళ్ళు పోస్తూ మెల్లగా తీయండి. కింద ఏముందో చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

ఎర్రజావా

చైన్‌కవర్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. చెప్పినందుకు చాలా కృతజ్ఞతలు.

ట్యాంకు వెనక భాగంలో, సీటు కప్పే చోట మొదలుపెట్టాను. మధ్యలో ఎక్కువ, అంచులకు తక్కువ వచ్చేలా గుండ్రంగా రుద్దుతూ పోతే ఒక్కొక్క పొరా ఒక్కొక్క వలయంగా బయటపడింది. అన్నిటికంటే బయట నల్లటి అంచు. దాని లోపల సన్నటి బూడిదరంగు గీత. తర్వాత గోళ్ళరంగులాంటి మరో ఎరుపు, దాని కింద ఇటుకరంగు ప్రైమరు. ఆ లోపల ముదురు ఎరుపు, రక్తం గడ్డకట్టినట్టు. అన్నిటి మధ్యలో రూపాయి బిళ్ళంత తెల్లటి ఇనుము. కోసిన మొద్దు మీద వలయాలు ఎలా ఉంటాయో అలా. చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. ఆ మధ్య ఎరుపు వేయించింది నాన్నగారే. మా అక్క పెళ్ళి ముందు. నాకు బాగా గుర్తుంది.

తొలిరంగు మోకాలి రబ్బరు వెనక, పెట్టె మూత లోపల చక్కగా ఉంది. మిగతా చోట్ల పొరల కింద తుప్పు పాకి, ఎరుపు పెచ్చులు లేస్తోంది. అందుకే బయటంతా గీకుతున్నాను. పెట్టె మూతల లోపలి వైపు మాత్రం ముట్టుకోను. అది అలాగే ఉంటుంది.

చైన్‌కవర్

ఆ ఒక్క ముక్క నిలబెట్టారు. మనసు నిండింది.

కెమిస్ట్రీ_టీచర్

ఇంకా గీకే ముందు ఈ మాట చదవండి. ఆ కాలపు రంగుల్లో, ప్రైమర్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకితే ఆ దుమ్ము గాల్లో తేలి ఊపిరితిత్తుల్లోకి, ఇంట్లో పిల్లల చేతులకు చేరుతుంది. కాబట్టి నీళ్ళతోనే గీకండి. గ్రైండరు చక్రం పెట్టకండి. వేడిగాలి గన్నుతో కాల్చితే సీసం పొగ లేస్తుంది, అది ఇంకా చెడ్డది. కింద పాత గుడ్డలు పరిచి ఆ బురదంతా వాటితోనే ఎత్తి మూటగట్టండి. కాలువలోకి కడగకండి. పని బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకకండి.

సైలెన్సర్1

పెట్రోలు ప్రశ్నకు నా అనుభవమే జవాబు. రెండేళ్ళ క్రితం నా పాత బండి ట్యాంకుకు మామూలు డబ్బా రంగు, దాని మీద మామూలు క్లియర్, అంటే రంగులేని మెరుపు పూత, వేశాను. అద్దంలా వచ్చింది. నెల ఆగాను కూడా. మూడోసారి పెట్రోలు పోయిస్తుంటే మూతి దగ్గర గుటకెడు పొంగి పక్కకు జారింది. గుడ్డతో తుడిచాను. గుడ్డకు నీలం అంటుకొచ్చింది. ఇంటికొచ్చి చూస్తే, ఆ పెట్రోలు జారిన దారి పొడవునా రంగు తడిసి ఎండిన కాగితంలా ముడతలు పడి ఉంది. రెండు నెలల పని రెండు నిమిషాల్లో పోయింది.

ట్యాంకు మీద మామూలు క్లియర్ వేయకండి అన్నా. 2కె డబ్బా వేయండి.

వాటర్‌పేపర్

అసలు విషయం ఇదే. వివరంగా రాస్తాను.

మామూలు డబ్బాను 1కె అంటారు. అందులో ద్రావకం ఎగిరిపోతే రంగు గట్టిపడుతుంది, అంతే. పెట్రోలూ ఒక ద్రావకమే కదా. అది తగిలితే రంగు మళ్ళీ మెత్తబడుతుంది. 2కె డబ్బాలో హార్డెనరు విడిగా చిన్న గొట్టంలో ఉంటుంది. మూతకున్న మీటను తీసి అడుగున పెట్టి నొక్కితే ఆ గొట్టం లోపల పగిలి రెండూ కలుస్తాయి. అప్పటినుంచి రసాయన చర్య మొదలు. గట్టిపడ్డాక పెట్రోలు దాన్ని కరిగించలేదు. కలిపిన డబ్బా ఒకటి రెండు రోజులే పనికొస్తుంది, తర్వాత లోపలే రాయైపోతుంది. అందుకని అన్ని భాగాలూ సిద్ధమయ్యాకే మీట నొక్కాలి.

రంగు పొర 1కె ఉన్నా ఫర్వాలేదు, పైన 2కె క్లియర్ మూసేస్తుంది. మూతి చుట్టూ, రబ్బరు వాషరు కూర్చునే అంచు లోపలిదాకా ఆ క్లియర్ చేరాలి. పెట్రోలు దాడి ఎప్పుడూ ఆ అంచు దగ్గరే మొదలవుతుంది.

కెమిస్ట్రీ_టీచర్

వాటర్‌పేపర్ గారు చెప్పింది నిజం. అందుకే ఇంకో హెచ్చరిక కూడా చెప్పాలి. ఆ హార్డెనర్లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఆస్తమా జీవితాంతం వెంటాడవచ్చు. తర్వాత రవ్వంత తగిలినా ఊపిరి ఆడదు. హాని చేసే మోతాదులో కూడా వాసన తెలియకపోవచ్చు. అంటే మాస్కు పాడైన సంగతి ముక్కు చెప్పదు. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దీనికి పనికిరావు. షాపుల్లో బయటినుంచి గొట్టంతో గాలి అందే మాస్కు పెట్టుకునేది ఇందుకే. చర్మం గుండా, కళ్ళ గుండా కూడా లోపలికి వెళ్తుంది.

నా సలహా ఏమిటంటే, కింది పనంతా, రంగంతా ఇంట్లో మీ చేత్తో వేసుకోండి. ట్యాంకు మీది ఆ చివరి క్లియర్ ఒక్కటి సరైన మాస్కు, గాలి ఏర్పాటు ఉన్నచోట వేయించండి. అది మీ పనికి తక్కువ కాదు.

వాటర్‌పేపర్

నేను కూడా అదే అంటాను. నాతో పాటు పనిచేసినవాళ్ళలో ఇద్దరు ఆ దగ్గుతోనే పని మానేశారు. అప్పట్లో మాకు చెప్పినవాళ్ళు లేరు.

ఎర్రజావా

ఈ రెండు జవాబులూ చదివాక నిర్ణయం తేలికైంది. ట్యాంకు క్లియర్ షాపులోనే. మడ్గార్డులకు, డోముకు, మూతలకు పెట్రోలు తగలదు కాబట్టి వాటికి 1కె క్లియర్ ఇంట్లోనే వేస్తాను. రెండిటి మెరుపులో తేడా వస్తుందా?

వాటర్‌పేపర్

కొద్దిగా వస్తుంది. 2కె లోతుగా కనిపిస్తుంది. రెండూ 2000 నంబరుతో రుద్ది ఒకే పాలిష్ పెడితే చూసేవాళ్ళు కనిపెట్టలేరు.

ఇక గీకడం పూర్తయిందనుకుని తర్వాతిది చెబుతాను. ఇనుము బయటపడిన చోట గంటల్లో తుప్పు పొడ కమ్ముకుంటుంది. గీకిన రోజే ప్రైమరు పడాలి. ఎపాక్సీ ప్రైమరు దొరికితే అదే మేలు, దాని మీద లప్పం బాగా పట్టుకుంటుంది. ఎచ్ ప్రైమరు అయితే దాని మీద నేరుగా లప్పం పెట్టకండి, అందులోని ఆమ్లం లప్పాన్ని గట్టిపడనివ్వదు. లప్పంలో హార్డెనరు నూటికి రెండు పాళ్ళు, అంతే. తొందరగా ఆరాలని ఎక్కువ కలిపితే ఆ మరక తర్వాత రంగు పైకి తేలుతుంది. సొట్టను ఒకేసారి నింపకండి. పల్చగా ఒక పొర, ఆరాక 80 నంబరు ఎమరీ, మళ్ళీ పల్చగా. తర్వాత 180, 320. మీద నింపే ప్రైమరు రెండు మూడు పూతలు, దాన్ని 600తో నీళ్ళు పోసి.

వేళ్ళతో రుద్దకండి. చెక్క ముక్కకో గట్టి రబ్బరు ముక్కకో పేపరు చుట్టి రుద్దండి. వేళ్ళతో రుద్దితే వేళ్ళ కింద గాడులు పడతాయి, మెరుపు వచ్చాక అవన్నీ కనిపిస్తాయి.

స్పోక్

ఛాసిస్ కూడా వేస్తున్నారా? వేస్తే రెండు జాగ్రత్తలు. ఒకటి, ఛాసిస్ నంబరు కొట్టిన చోట గీకకండి, లప్పం తగలనివ్వకండి. టేపు వేసి వదిలేయండి, లేకపోతే ఒకే ఒక్క పల్చటి పూత. రెండోది నేను మర్చిపోయి మూడు ఆదివారాలు పోగొట్టుకున్నది. బండంతా బిగించాక లైట్లు మిణుకు మిణుకుమంటాయి, హారను మూలుగుతుంది. వైర్లన్నీ మార్చాను, బల్బులు మార్చాను. చివరికి చూస్తే ఎర్త్ వైరు బోల్టు కింద నా కొత్త రంగే అడ్డు. ఆ చోట రూపాయి బిళ్ళంత రంగు గీకగానే అన్నీ వెలిగాయి. ఎర్త్ చోట్లు, మరలు, బేరింగు కప్పులు ముందే టేపుతో మూయండి.

ఎర్రజావా

మూడో వారం. సొట్ట మూడు పొరల్లో నిండింది. చేత్తో తడిమితే నున్నగా ఉంది. అయిపోయిందనుకున్నాను.

వాటర్‌పేపర్

చెయ్యి చెప్పేది సగమే. నల్లరంగు డబ్బా అడుగున్నర దూరం నుంచి మంచు పడ్డట్టు చిలకరించండి, నిండుగా వద్దు. ఆరాక 400తో చెక్కముక్క పెట్టి రుద్దండి. ఎత్తు ఉన్నచోట నలుపు పోతుంది, పల్లం ఉన్నచోట నిలుస్తుంది. ఏది నిలిచిందో చెప్పండి.

ఎర్రజావా

సొట్ట మధ్యలో కాదు, దాని పై అంచు వెంట వేలెడు పొడవున నెలవంకలా నలుపు నిలిచింది. ఇంకో రెండు చోట్ల చుక్కలు. చేతికి ఒక్కటీ తెలియలేదు. మళ్ళీ పల్చగా లప్పం పెట్టాను. ఈ పద్ధతి చెప్పకపోయి ఉంటే ఆ నెలవంక ఎప్పటికీ ఎండలో కనిపించేదేమో.

సైలెన్సర్1

రంగు వేసే రోజు కోసం నా వంతు. డబ్బాను గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే తుంపర మెత్తగా వస్తుంది. మరిగే నీళ్ళు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, 50 డిగ్రీలు దాటకూడదని డబ్బా మీదే ఉంటుంది. లోపల గుండు గలగలమన్నాక రెండు నిమిషాలు ఆపకుండా ఊపండి. వేసే ముందు నేల మీద నీళ్ళు చల్లితే దుమ్ము లేవదు.

వాటర్‌పేపర్

మంచి మాటలు. దీనికి కలపండి. మైనం, గ్రీజు తీసే ద్రవంతో ముందు తుడిచి, తర్వాతే గీకుడు, చివర మళ్ళీ తుడుపు. ముందు తుడవకుండా గీకితే పాత పాలిష్‌ను మీరే ఇనుములోకి రుద్దినట్టు. సిలికాన్ పాలిష్ మిగిలిపోతే రంగు వేసిన క్షణంలోనే గుండ్రటి గుంతలు విచ్చుకుంటాయి. తుడిచాక ఒట్టి చెయ్యి తగలకూడదు.

డబ్బా 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో. నొక్కడం భాగానికి బయట మొదలై బయటే ముగియాలి. మణికట్టు తిప్పకండి, చెయ్యి మొత్తం కదలాలి. ప్రతి వరస ముందు వరసలో సగం కప్పాలి. మొదటి పూత ఎరుపే కనబడనంత పల్చగా. అది అంటించే పూత, కప్పే పూత కాదు. ఐదు పది నిమిషాలు ఆగి రెండోది. ఎరుపు మెల్లగా కప్పే రంగు, నాలుగు పూతలు పట్టవచ్చు. కింద ప్రైమరు అన్ని భాగాలకూ ఒకే రంగు ఉండాలి, లేకపోతే ట్యాంకు ఒక ఎరుపు, మడ్గార్డు ఒక ఎరుపు.

మళ్ళీ పూత ఎప్పుడు వేయాలో డబ్బా మీద చదవండి. కొన్నిటికి గంటలోపు వేయాలి, లేకపోతే ఒకటి రెండు రోజులు ఆగాలి. ఆ మధ్యలో వేస్తే కింది పొర ఉబ్బి ముడతలు పడుతుంది.

నిప్పు, స్విచ్చి, మామూలు ఫ్యాను దగ్గరలో వద్దు. డబ్బాలో తోసే గ్యాసు మండేదే, నేలబారుగా పాకుతుంది.

ఎర్రజావా

నిన్న మడ్గార్డులు వేశాను. రెండు సంగతులు. వెనక మడ్గార్డు అంచున ఒక చోట రంగు కారింది, కన్నీటి చుక్కలా. సాయంత్రం మబ్బు పట్టి ముందు మడ్గార్డు చివరి పూత మీద పాలపొరలా తెల్లగా కమ్మింది. రాత్రి నిద్ర పట్టలేదు. మొత్తం గీకెయ్యాలా?

వాటర్‌పేపర్

ఏమీ గీకొద్దు. కారిన చుక్కను ఇప్పుడు ముట్టుకోకండి, లోపల పచ్చిగా ఉంటుంది. వారం ఆగి, 600 పేపరు చిన్న చెక్కకు చుట్టి, చుక్క మీద మాత్రమే రుద్ది సమం చేసి, పల్చటి పూత వేయండి.

తెల్లపొర తేమ వల్ల. ద్రావకం ఎగిరేటప్పుడు ఆ భాగం చల్లబడుతుంది, గాల్లో తేమ దాని మీద కూర్చుంటుంది. పొడి వాతావరణం ఉన్న రోజు అదే రంగు పల్చగా ఒక పూత వేస్తే చాలాసార్లు పోతుంది. మబ్బు పట్టిన రోజు, వాన ముందు, మంచు వేళ రంగు వేయకండి.

ఎర్రజావా

ఎండ కాసిన మూడో రోజు వేశాను. తెల్లపొర కళ్ళముందే కరిగిపోయింది. ఎరుపు మళ్ళీ వచ్చింది.

ట్యాంకు రంగు కూడా అయింది. క్రోము పక్కలకు సన్న టేపు వేసి, మిగతాది కాగితంతో మూశాను. క్రోము అంచు వెంట ఉండే సన్న గీత కోసం 3 మిల్లీమీటర్ల టేపు రెండు వరసలు పెట్టి మధ్యలో బంగారు రంగు వేశాను. టేపు ఎప్పుడు తీయాలి?

వాటర్‌పేపర్

రంగు ఇంకా మెత్తగా ఉండగానే, వెనక్కి మడిచి, నేల వైపు లాగుతూ మెల్లగా. పూర్తిగా ఆరాక తీస్తే అంచు పెచ్చుగా లేస్తుంది.

ఎర్రజావా

తీశాను. గీత వెంట్రుకవాసి కూడా వంకరపోలేదు, ఒక్క మలుపు దగ్గర తప్ప. అక్కడ టేపు మడత పడి గీత కాస్త లావైంది. దాన్ని మార్చడం లేదు.

ట్యాంకును షాపుకు పంపాను. పది రోజుల తర్వాత తీసుకొచ్చి, ఇంకో వారం ఆగి, మూతి అంచు మీద దూదితో ఒక్క చుక్క పెట్రోలు అద్దాను. రెండు నిమిషాలు లెక్కపెట్టి తుడిచాను. దూది తెల్లగానే ఉంది.

నాన్నగారు కుర్చీ వేసుకుని చూస్తున్నారు. చూపు తగ్గింది, అందుకని చేత్తో తడిమి చూశారు. సొట్ట ఉన్న చోట చెయ్యి ఆగింది. ఇక్కడే కదా దెబ్బ తగిలింది అన్నారు. తర్వాత మలుపు దగ్గర లావైన గీతను గోటితో పట్టుకున్నారు. ఇది నువ్వే వేశావా అని అడిగారు.

చైన్‌కవర్

ఆ గీతను ఎవరైనా సరిచేస్తామంటే ఒప్పుకోకండి.

స్పోక్

మూతలు, మడ్గార్డుల మీద పాలిష్ ఎప్పుడు పెడుతున్నారు?

వాటర్‌పేపర్

నెల ఆగండి. ముక్కు దగ్గర పెట్టి చూస్తే రంగు వాసన వస్తున్నంత కాలం ద్రావకం ఇంకా బయటికొస్తూనే ఉందని అర్థం. మైనం పూస్తే దాన్ని లోపల మూసేసినట్టు. వాసన పోయాక, కనబడని చోట గోటితో గట్టిగా నొక్కి చూడండి. గుర్తు పడకపోతే అప్పుడు 2000, తర్వాత 3000 నీళ్ళతో, ఆపైన పాలిష్. అంచుల దగ్గర చెయ్యి తేలిగ్గా ఉంచండి, రంగు పొర అక్కడే పల్చగా ఉంటుంది.

ఎర్రజావా

అలాగే. ఇంకా రెండు పెట్టె మూతల బయటి వైపు, డోము మిగిలాయి. ఎరుపు డబ్బా ఒక్కటే ఉంది, ఇంకొకటి తెప్పిస్తున్నాను.

వాటర్‌పేపర్

తెప్పించే ముందు పాత డబ్బా అడుగున బ్యాచ్ నంబరు చూడండి. అదే నంబరు అడగండి. దొరక్కపోతే రెండు మూతలూ కొత్త డబ్బాతోనే వేయండి, డోముకు పాతది వాడండి. ఒకే రంగులా కనబడాల్సిన జత ఒకే డబ్బాలోంచి రావాలి.